ఇంట్లో చేసుకునే చెక్క సబ్బు అచ్చులు: మర్నాడు ఏది తేలిగ్గా విడివడుతుంది?

కోల్డ్ ప్రాసెస్ సబ్బు (పొయ్యి మీద ఉడికించకుండా, నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి అచ్చులో పోసేది) చేసేవాళ్ల దగ్గర చెక్క అచ్చులు నాలుగు రకాలు కనిపిస్తాయి. అన్ని గోడల్నీ మరమేకులతో బిగించేసిన పెట్టె ఒకటి. పక్క పలకలకు బందులు పెట్టి కిందికి వాలేలా చేసింది ఇంకొకటి. బోల్టులు వదులు చేస్తే ఏ ముక్కకా ముక్క ఊడొచ్చేది మూడోది. లోపల సిలికోన్ తొడుగుతో రెడీమేడ్‌గా దొరికేది నాలుగోది. మిశ్రమాన్ని పట్టి ఉంచడం వరకైతే నాలుగూ సమానమే. అసలు తేడా మర్నాడు సబ్బు దిమ్మను బయటికి తీసేటప్పుడు తెలుస్తుంది. మెత్తగా ఉన్న దిమ్మను నాలుగు గోడల మధ్య నుంచి పైకి లాగితే అంచులు చిరుగుతాయి, అడుగు లోపల పరిచిన కాగితానికి అంటుకుపోతుంది, బొటనవేలి గుర్తులు పడతాయి. దిమ్మ కదలకుండా కూర్చుంటే గోడలే పక్కకు తప్పుకోవాలి. ఈ ఒక్క లెక్కతో చూస్తే బోల్టుల పెట్టెకు మొదటి స్థానం, సిలికోన్ తొడుగు పెట్టెకు రెండో స్థానం. బందుల పెట్టె బాగా చేసే చెయ్యి ఉంటేనే పనికొస్తుంది. బిగించేసిన పెట్టె నేర్చుకునే రోజులకు చాలు.

అసలు చెక్కే ఎందుకంటే, వేడి కోసం. నూనెలూ కాస్టిక్ సోడా కలిసినప్పుడు పుట్టే వేడి దిమ్మ మధ్యలో పోగవుతుంది. నీటి శాతాన్ని బట్టి సుమారు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య సబ్బు జెల్ దశకు వెళ్తుంది. ముద్దలా పారదర్శకంగా మారి, చల్లారాక గట్టిపడుతుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే ప్లాస్టిక్ డబ్బాలో గోడల వైపు వేడి తొందరగా జారిపోతుంది. మధ్య భాగం జెల్ అయి, అంచులు కాకుండా మిగిలిపోతాయి. కోసినప్పుడు బిళ్ల మధ్యలో ముదురు రంగు గుండ్రటి మచ్చ కనిపించేది అందుకే. సబ్బు చెడిపోలేదు, వాడుకోవచ్చు, కానీ పది బిళ్లలకు పది మచ్చలు చూడ్డానికి బాగోవు. 18 మి.మీ. చెక్క గోడ ఆ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి అంచుల దాకా ఒకే రంగు వస్తుంది. పైన మూత వేసి ఒక పాత తువ్వాలు కప్పితే ఇంకేం అక్కర్లేదు.

ఇదే గుణం కొన్ని సబ్బులకు శత్రువు. తేనె, పాలు, చక్కెర, బీరు వేసిన మిశ్రమాలు మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతాయి. వాటిని మందపాటి చెక్క పెట్టెలో పోసి తువ్వాలు కప్పితే దిమ్మ నెత్తిన నిలువునా పగులు వస్తుంది. మరీ ముదిరితే పొంగి మూతను ఎత్తేస్తుంది. అలాంటివి చెక్కలోనే పోయాలనుకుంటే తక్కువ ఉష్ణోగ్రతలో కలపండి, మూత వేయకండి, అడుగున రెండు కర్రలు పెట్టి గాలి ఆడేలా ఎత్తులో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టినా చెక్క పెట్టె లోపలి వేడి వెంటనే దిగదని గుర్తుంచుకోండి. ఈ రకం సబ్బులకు సన్నటి గోడల సిలికోన్ అచ్చే మేలు. కరిగించి పోసే గ్లిజరిన్ సబ్బుకైతే తొడుగు లేని చెక్క పెట్టె అస్సలు వద్దు. అది నీళ్లలా పల్చగా ఉంటుంది, కాగితం మడతల సందుల్లోంచి కారిపోతుంది.

బిగించేసిన పెట్టె

ఐదు ముక్కలు, పదహారో పద్దెనిమిదో మరమేకులు, ఒక పూట పని. చెక్క పని అలవాటు లేనివాళ్లు కూడా చేసుకోగలరు. చేసేటప్పుడు రెండు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది, రంధ్రం వేయకుండా నేరుగా మరమేకు దించడం. పలక కొసల దగ్గర నార వెంట చీలిక వస్తుంది. 4 మి.మీ. మరమేకుకు ముందు 2.5 నుంచి 3 మి.మీ. రంధ్రం వేయాలి. 18 మి.మీ. పలకకు 40 మి.మీ. పొడవు సరిపోతుంది. రెండోది, అడుగు పలకను గోడల కింద పెట్టి కింది నుంచి బిగించడం. అది గోడల మధ్యలో కూర్చుంటే మరమేకులు పక్క నుంచి పడతాయి, అడుగు ఊడే భయం ఉండదు.

ఈ పెట్టె దోషం వాడకంలో ఉంది. దిమ్మ కింద గాలి చొరబడదు, నాలుగు వైపులా ఒత్తిడి. కాగితం చెవులు (బయటికి వేలాడే కొసలు) పట్టుకుని పైకి లాగడమే దారి. ఆలివ్ నూనె ఎక్కువగా ఉన్న సబ్బు రెండు మూడు రోజులైనా మెత్తగానే ఉంటుంది. అలాంటిదాన్ని లాగితే మధ్యలో వంగుతుంది, ఒక్కోసారి కాగితమే చిరిగి చేతిలోకొస్తుంది. ఈ పెట్టెనే ఎంచుకుంటే పైభాగం లోవెడల్పు అడుగు కంటే 2 మి.మీ. ఎక్కువ ఉండేలా గోడల్ని కొద్దిగా వాల్చండి. బిళ్ల ఆకారంలో ఆ తేడా కంటికి ఆనదు, దిమ్మ మాత్రం చాలా తేలిగ్గా లేస్తుంది.

బందుల పెట్టె

పటంలో చూస్తే ఇదే అన్నింటికన్నా ముచ్చటగా ఉంటుంది. కొక్కెం తీస్తే రెండు గోడలూ రెక్కల్లా వాలిపోతాయి. తీరా వాడకంలో మూడు ఇబ్బందులు. బందు మడత కొంత మందం ఉంటుంది, దాన్ని పలకలో చెక్కి దించకపోతే గోడకూ అడుగుకూ మధ్య మిల్లీమీటరు సందు మిగులుతుంది. కొక్కేలు నెలలు గడిచేకొద్దీ వదులవుతాయి, అప్పుడు గోడ పైభాగం బయటికి ఒరిగి, బిళ్ల అడుగున 8 సెం.మీ., పైన 8.4 సెం.మీ. వస్తుంది. ఇక లోహం సంగతి. ఇత్తడి బందు అందంగానే ఉంటుంది కానీ అందులోని రాగి సబ్బుకు తగిలితే నూనెలు తొందరగా మక్కిపోయి నారింజ రంగు మచ్చలు లేస్తాయి. ఇనుప బందు తుప్పు పట్టి చారలు పెడుతుంది. అల్యూమినియం అసలు దగ్గరికే రానివ్వకూడదు. లై, అంటే కాస్టిక్ సోడా, దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు కూడా వెలువడుతుంది. జింకు పూత వేసిన సామానుకూ క్షారం పడదు. కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలు బందులే, అవి కూడా పెట్టె బయటి వైపే.

సిలికోన్ తొడుగుతో వచ్చేది

తీరిక లేనివాళ్లకు ఇది మంచి కొనుగోలు. కాగితం మడతపెట్టే పని లేదు, కారదు, కడుక్కోవచ్చు. కొనేముందు తొడుగును పెట్టెలో కూర్చోబెట్టి వేళ్లతో చుట్టూ నొక్కి చూడండి. తొడుగుకూ చెక్కకూ మధ్య 2 మి.మీ. కంటే ఎక్కువ సందుంటే మిశ్రమం బరువుకు తొడుగు ఉబ్బి, దిమ్మ పొట్ట వేసుకుని వస్తుంది. పెట్టె కాస్త వదులుగా ఉంటే సందులో అట్టముక్కలు దోపి సరిచేసుకోవచ్చు. తొడుగే పెట్టె కంటే పెద్దదైతే మూలలు ముడతపడతాయి, దానికి మందు లేదు, తిప్పి పంపేయండి.

సిలికోన్‌లో తేమ ఎటూ పోదు. కాగితం వేసిన చెక్కలో ఒక రోజులో విడివడే దిమ్మ ఇక్కడ మూడు నాలుగు రోజులు కూర్చోవాల్సి రావచ్చు. తొందరపడి తోస్తే మూలలు తొడుగులోనే మిగిలిపోతాయి. 900 గ్రాముల నూనెలకు రెండు టీస్పూన్ల సోడియం లాక్టేట్‌ను చల్లారిన లై నీళ్లలో కలిపితే దిమ్మ త్వరగా గట్టిపడుతుంది. బాగా వేడెక్కితే సిలికోన్‌కు ఆనుకున్న వైపంతా సూది మొనల్లాంటి గుంటలు పడటం ఇంకో చికాకు. చెక్కా సిలికోనూ రెండూ ఉన్నప్పుడు తువ్వాలు కప్పే అలవాటు మానుకుంటే అది చాలావరకు తగ్గుతుంది. వాసనల సంగతి కూడా చెప్పాలి. ఘాటైన సువాసన నూనె వాడాక తొడుగులో ఆ వాసన చాలాకాలం నిలిచిపోతుంది.

బోల్టుల పెట్టె, ముక్క ముక్క లెక్కతో

ఎక్కువ మాట్లాడుకోవాల్సింది దీని గురించే. లోపలి కొలత 25 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. లోతు అనుకుందాం. 2.5 సెం.మీ. మందంతో కోస్తే పది బిళ్లలు వచ్చే పరిమాణం ఇది. 18 మి.మీ. మందం పలకలతో చేసేటప్పుడు ముక్కలు ఇలా ఉంటాయి. పక్క పలకలు రెండు, ఒక్కొక్కటి 36 సెం.మీ. పొడవు, 10.8 సెం.మీ. ఎత్తు. అడుగు ఒకటి, 36 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు. రెండు కొసల్నీ మూసే తల పలకలు రెండు, 9 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు. పక్క పలకల లోపలి వైపు నిలువుగా రెండేసి గాళ్లు, 5 మి.మీ. లోతు, 18.5 మి.మీ. వెడల్పు. రెండు గాళ్ల లోపలి అంచుల మధ్య దూరం కచ్చితంగా 25 సెం.మీ. ఉండాలి. తల పలకలు అడుగు మీద నిలబడి ఆ గాళ్లలో కూర్చుంటాయి. పక్క పలకలు అడుగును అటూ ఇటూ పట్టుకుంటాయి.

గాడి 18 మి.మీ. కాకుండా 18.5 ఎందుకంటే, చెక్క తేమకు ఉబ్బుతుంది. బిగుతుగా చేసిన గాడిలో తల పలక మొదటిరోజు ముద్దుగా కూర్చుంటుంది. మిశ్రమం తేమ పీల్చుకున్నాక సుత్తితో కొట్టినా రాదు. 19 దాటితే మాత్రం ఆడుతుంది, తల పలక ఒరిగి చివరి బిళ్ల ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా వస్తుంది.

నార దిక్కు ఇంకా ముఖ్యం, చాలామంది దీన్ని పట్టించుకోరు. చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంట దాదాపు కదలదు. అందుకే తల పలకల్లో నార అడ్డంగా, అంటే ఒక గాడి నుంచి రెండో గాడి వైపు పోవాలి. అప్పుడు 9 సెం.మీ. వెడల్పు ఏ కాలంలోనైనా అలాగే ఉంటుంది. ఉబ్బినా ఎత్తు పెరుగుతుంది, దానివల్ల నష్టం లేదు. నార నిలువుగా పెడితే వెడల్పు పెరిగి పక్క పలకల్ని బయటికి తోస్తుంది, బోల్టులు ఎంత బిగించినా అడుగున సందు మిగులుతుంది. అడుగు పలక 8 సెం.మీ. వెడల్పు ఎలాగూ నారకు అడ్డంగానే పడుతుంది కాబట్టి అక్కడ మామూలు చెక్క బదులు నీటికి తట్టుకునే ప్లైవుడ్ వేయడం మేలు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి, కదలిక చాలా తక్కువ.

బిగింపుకు రెండు 6 మి.మీ. మర కడ్డీలు, ఒక్కొక్కటి 15 సెం.మీ. పొడవు, తల పలకలకు అవతల అడ్డంగా పోతాయి. పక్క పలక కొస నుంచి 1.8 సెం.మీ. దూరంలో, ఎత్తులో సగం దగ్గర 6.5 మి.మీ. రంధ్రం వేయండి. రెండు పక్క పలకల్నీ కలిపి పట్టుకుని ఒకేసారి రంధ్రం వేస్తే కడ్డీ తిన్నగా పోతుంది, విడివిడిగా వేస్తే ఎంత కొలిచినా వంకర వస్తుంది. ఒక కొసకు మామూలు నట్టు, రెండో కొసకు రెక్కల నట్టు, రెండు వైపులా వెడల్పాటి వాషర్లు. వాషరు లేకపోతే నట్టు చెక్కలోకి దిగిపోతూ ప్రతిసారీ ఇంకొంచెం బిగించాల్సి వస్తుంది. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. వేలితో బిగిసినంత చాలు, పటకారు పెట్టకండి.

జతచేశాక లోపల మూల నుంచి మూలకు కర్ణాలు రెండూ కొలవండి. ఈ కొలతల పెట్టెకు అవి 26.2 సెం.మీ. పైచిలుకు రావాలి, అంతకంటే ముఖ్యంగా రెండూ సమానంగా ఉండాలి. 2 మి.మీ. తేడా వచ్చినా బిళ్లలు ఒక పక్కకు వాలినట్టు కనిపిస్తాయి. తర్వాత గది చీకటి చేసి, ఫోను టార్చి వెలిగించి పెట్టె లోపల పెట్టి మూత వేయండి. వెలుతురు గీతలా బయటికొచ్చిన చోటే రేపు మిశ్రమం కూడా వస్తుంది. సన్నటి గీతలను కాగితం ఆపుతుంది. కాగితం మందం కంటే వెడల్పైన గీతైతే ఆ ముక్కను మళ్లీ చిత్రిక పట్టాలి. కొత్త పెట్టెను నీళ్లు పోసి పరీక్షించడం మాత్రం వద్దు, పొడి చెక్క ఆ నీటిని తాగి వంకర తిరుగుతుంది.

ఎంత నూనె పడుతుంది

ఈ లెక్కలో పెట్టె అంచు దాకా ఉన్న లోతును తీసుకోకూడదు, మిశ్రమం ఎంత ఎత్తుకు పోస్తారో అది తీసుకోవాలి. పొడవు, వెడల్పు, పోసే ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 0.69తో గుణిస్తే నూనెల మొత్తం బరువు గ్రాముల్లో వస్తుంది. 25, 8, 6.5 గుణిస్తే 1300. దాన్ని 0.69తో గుణిస్తే 897, అంటే 900 గ్రాముల నూనెలు. కోస్తే ఒక్కో బిళ్ల పచ్చిగా 130 గ్రాముల పైన తూగుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాక నీరు తగ్గి తేలికవుతుంది. పైన 2.5 సెం.మీ. ఖాళీ వదిలింది ఊరికే కాదు. పైభాగాన్ని చెంచాతో అలల్లా తీర్చినా మూత తగలదు, వేడికి కొంచెం పొంగినా బయటికి రాదు. లై బరువు మాత్రం ఈ లెక్కతో తేలదు. అది నూనెల రకాన్ని బట్టి మారుతుంది, ప్రతి కొలతకూ లై కాలిక్యులేటర్‌లో విడిగా చూసుకోవాల్సిందే. బయటి కొలతతో లెక్కవేసి నాలుగోవంతు మిశ్రమం మిగిలిపోయి తలపట్టుకోవడం కొత్తవాళ్లలో తరచూ జరిగే పొరపాటు, టేపు పెట్టెలోపల పెట్టి కొలవండి.

ఏ చెక్క, లోపల ఏ పూత

పైన్, రబ్బర్ వుడ్, నీటికి తట్టుకునే ప్లైవుడ్, ఈ మూడింటిలో ఏదైనా సరిపోతుంది. పైన్‌లో ముడులు లేని పలక ఎంచుకోండి. ముడి చుట్టూ ఉండే జిగురు వేడికి మెత్తబడి కాగితంలోంచి పసుపు మరక దించుతుంది. టేకు గట్టిది, తేమకు కదలదు, కానీ బరువు. ఓక్ లాంటి టానిన్ ఎక్కువగా ఉన్న చెక్కలు క్షారం తగిలితే నల్లబడతాయి, ఆ రంగు సబ్బు అంచుకు దిగుతుంది. ఎండీఎఫ్ (చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) జోలికి పోవద్దు. ఒక్కసారి కాగితం చిరిగి మిశ్రమం తగిలితే చాలు, అటుకుల్లా ఉబ్బిపోతుంది, మళ్లీ మునుపటి మందానికి రాదు. 6 మి.మీ. ప్లైవుడ్ కూడా వద్దు, 25 సెం.మీ. పొడవుకే మధ్యలో విల్లులా వంగుతుంది.

లోపలి వైపు రంగు వేయాలనిపిస్తుంది. ఎనామిల్ పెయింటు నూనె ఆధారంగా తయారైంది, పచ్చి మిశ్రమంలోని క్షారం తగిలితే ఆ పెయింటు నూనే సబ్బుగా మారడం మొదలవుతుంది. ముందు జిగటగా, తర్వాత పొరలుగా లేస్తుంది. లక్క పాలిష్ కూడా క్షారంలో కరిగిపోతుంది. ఎపాక్సీ పూత నిలుస్తుంది, కానీ అది పూర్తిగా గట్టిపడేదాకా డబ్బా మీద రాసినన్ని రోజులూ ఆగాలి. కాగితం వేసేటట్టయితే లోపల ఏ పూతా అక్కర్లేదు. 120 నంబరు శాండ్‌పేపర్‌తో ఒకసారి, 180తో ఇంకోసారి నార వెంట రుద్ది వదిలేయండి. బయటి వైపు ఇష్టమున్న వార్నిష్ వేసుకోవచ్చు. ఒకవైపే పూత వేస్తే పలక వంగుతుందన్న మాట నిజమే, అయితే ఇంత చిన్న పలకల్లో, బోల్టులు పట్టి ఉండగా అది ఇబ్బంది పెట్టేంత ఉండదు.

కాగితం వేయడం

పెట్టె చేయడం కంటే దీనిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బిళ్ల ముఖం మీద కనిపించే ప్రతి గీతా కాగితం ముడతే. ఒకవైపు ప్లాస్టిక్ పూత ఉన్న ఫ్రీజర్ పేపర్ అన్నింటికన్నా బాగుంటుంది, మెరిసే వైపు సబ్బుకు తగలాలి. సిలికోన్ పూత ఉన్న బేకింగ్ కాగితం కూడా మంచిదే. మామూలు బటర్ పేపర్ అని అమ్మేవాటిలో కొన్నింటికి పూతే ఉండదు. ఒక నీటి చుక్క వేసి ఐదు నిమిషాలాగండి, చుక్క కింద కాగితం ముడుచుకుందంటే సబ్బు కింద కూడా అంతే. మైనపు కాగితం వద్దు. జెల్ వేడికి మైనం కరిగి సబ్బులో కలుస్తుంది, మిగిలిన ఉత్త కాగితం దిమ్మకు అంటుకుని గీకినా రాదు.

ఈ పెట్టెకు రెండు పట్టీలు చాలు. మొదటిది 7.8 సెం.మీ. వెడల్పు, 49 సెం.మీ. పొడవు. ఒక తల పలక మీద నుంచి దిగి, అడుగు మీదుగా పోయి, రెండో తల పలక ఎక్కుతుంది. రెండోది 24.8 సెం.మీ. వెడల్పు, 32 సెం.మీ. పొడవు, పక్క పలకల మీదుగా అడ్డంగా పడుతుంది. రెండింటికీ రెండు కొసల్లోనూ 3 సెం.మీ. చొప్పున బయటికి వేలాడే చెవులు మిగులుతాయి. వెడల్పులో ఆ 2 మి.మీ. తగ్గించకపోతే కాగితం మూలలో ఇరుక్కుని లోపలికి ఉబ్బుతుంది. మడతల్ని పెట్టెలోపల వేలితో నొక్కకండి. ముందే బల్ల మీద గీత గీసి, స్కేలు అంచున మడిచి, గోటితో గట్టిగా రుద్ది, అప్పుడు దించండి. మూల 90 డిగ్రీలకు పదునుగా కూర్చుంటుంది. చెవుల్ని బయటి వైపు బట్టల క్లిప్పులతో పట్టించండి. టేపు లోపలి వైపు ఎక్కడా వద్దు, జిగురు సబ్బులోకి దిగుతుంది.

నాలుగు నిలువు మూలల్లో రెండు పట్టీలు కలిసేచోట అతుకు లేదు, అక్కడ కొద్దిగా కారే అవకాశం ఉంది. మిశ్రమం పల్చటి ట్రేస్‌లో (నూనెలూ లై కలిసి అప్పుడే చిక్కబడటం మొదలైన దశలో) ఉండగా పోస్తే కారుతుంది. చెంచా ఎత్తి గీత గీస్తే ఆ గీత రెండు మూడు క్షణాలు పైన నిలిచేంత చిక్కబడ్డాక పోస్తే కారదు. రంగుల సుడులు తిప్పడానికి పల్చగానే పోయాలనుకునేవాళ్లు రెండు పట్టీల బదులు ఒకే పెద్ద కాగితాన్ని మూలల్లో మడిచి వాడుకోవాలి. పని ఎక్కువ, మూల బిళ్లల మీద మడత గుర్తు పడుతుంది, కానీ చుక్క కూడా బయటికి రాదు.

ఎన్నాళ్లైనా కాగితం కత్తిరించే పని తప్పించుకోవాలంటే 3 మి.మీ. హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పలకలు కోసి నాలుగు గోడలకూ, అడుక్కూ ఆనించవచ్చు. క్షారానికి అది చెక్కుచెదరదు. లోవెడల్పు 6 మి.మీ. తగ్గుతుంది, లెక్క మళ్లీ వేసుకోవాలి. బిగించేసిన పెట్టెలో దీనివల్ల పెద్ద లాభం లేదు. బోల్టుల పెట్టెలో మాత్రం గోడ విప్పాక ప్లాస్టిక్ పలకను ఒక మూల నుంచి నెమ్మదిగా వలిస్తే అద్దంలాంటి ముఖం బయటపడుతుంది.

పోయడం, విప్పడం

చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పోసేటప్పుడే కాదు, విప్పేటప్పుడు కూడా ఉండాలి. మొదటి ఒకటి రెండు రోజులు దిమ్మలో ఇంకా చర్య జరుగుతూనే ఉంటుంది. పోశాక గాలి బుడగలు పోవడానికి పెట్టెను బల్లకేసి తట్టే అలవాటుంటుంది. బోల్టుల పెట్టె విషయంలో తట్టాక రెక్కల నట్టు ఒకసారి చూడండి, ఆ అదురుకు అది పావు చుట్టు వదులవుతుంది.

విప్పడానికి గడియారం కంటే వేలు నమ్మదగింది. దిమ్మ పూర్తిగా చల్లారి, మూల దగ్గర వేలితో నొక్కితే చల్లటి వెన్నలా గట్టిగా తగలాలి. కొబ్బరి నూనె ఎక్కువున్న సబ్బు పన్నెండు గంటల్లోనే అలా అవుతుంది, ఆలస్యం చేస్తే కోసేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. ఆలివ్ ఎక్కువున్నది రెండు మూడు రోజులు అడుగుతుంది. నట్లు వదులు చేసి, కాగితం చెవులు వదిలించి, పక్క పలకను పైకి లేపకుండా బయటికి తిప్పండి. గాడి తల పలకను వదిలేస్తుంది. రెండో పక్క కూడా తీశాక తల పలకలు వాటంతట అవే పడిపోతాయి. దిమ్మ అడుగు పలక మీదే ఉంటుంది, దాన్ని అలాగే కోసే చోటికి మోసుకెళ్లవచ్చు. ఇంత నెమ్మదిగా, సబ్బును ఒక్కసారి కూడా చేత్తో పట్టకుండా జరిగే పని మిగతా ఏ పెట్టెతోనూ కుదరదు.

పళ్లెం అచ్చు గురించి ఒక మాట. 30, 24 సెం.మీ. వైశాల్యంలో 3 సెం.మీ. ఎత్తు పోస్తే 2160 ఘన సెంటీమీటర్లు, దాదాపు 1490 గ్రాముల నూనెలు, 8, 5 సెం.మీ. బిళ్లలు పద్దెనిమిది. సుడుల ముగ్గులు వేయడానికి దీన్ని మించింది లేదు. కానీ మందం తక్కువ కాబట్టి వేడి నిలవదు, చెక్క అయినా తువ్వాలు తప్పనిసరి. పైముఖం గాలికి ఎక్కువ తగిలి ప్రతి బిళ్ల నెత్తినా తెల్లటి సోడా పొడి పేరుకుంటుంది. మిశ్రమానికి తగలకుండా ఒక సెంటీమీటరు ఎత్తులో మూత వేస్తే అది బాగా తగ్గుతుంది. అడ్డపలకలు దించి బిళ్లలుగా విడగొట్టే ఏర్పాటు చూడ్డానికి బాగుంటుంది గానీ, చిక్కటి మిశ్రమంలోకి దించితే వాటి పక్కనే గాలి బొక్కలు మిగులుతాయి. సాదా పళ్లెం చేసుకుని తర్వాత కత్తితో కోసుకోవడమే నయం.

విప్పాక ముక్కల్ని వెంటనే నీళ్లలో ముంచకండి. అంటుకున్న సబ్బును ఒక రోజు ఆరనిచ్చి ప్లాస్టిక్ కార్డుతో గీకి, తడిగుడ్డతో తుడిచి, గోడకు ఆనించి నిలబెట్టండి. రెండు వైపులా గాలి తగలాలి. బల్ల మీద పడుకోబెడితే పైవైపు ఆరి కింది వైపు తడిగా ఉండి, పలక దోనెలా వంగుతుంది. పూర్తిగా ఆరాక పెట్టెను వదులుగా జతచేసి పెట్టుకోండి. క్షారం తాగిన ఈ చెక్కను మళ్లీ వంటింటి పనికి వాడకూడదు. అన్నింటికంటే ముందు అరిగేది తల పలకలే, గాళ్లలో ఎక్కీ దిగీ వాటి అంచులు గుండ్రబడతాయి. పెట్టె కొత్తగా ఉన్నప్పుడే ఒక తల పలక ఆకారాన్ని అడుగు పలక కింది వైపు పెన్సిల్‌తో గీసి, నార దిక్కు బాణంతో గుర్తుపెట్టి ఉంచితే, మార్చాల్సిన రోజున కొలతలు వెతుక్కోకుండా కొత్తది కోసుకోవచ్చు.